బొట్టు బొమ్మ, బురఖా బొమ్మ... మరి మా గుడియా ఏదీ?

మా చెల్లెలి కూతురికి ఎనిమిదేళ్లు. పోయినేడు ఈద్‌కి పెద్దవాళ్లిచ్చిన ఈదీ డబ్బులన్నీ పోగేసి, నన్ను వెంటబెట్టుకెళ్లి ఒక ఫ్యాషన్ బొమ్మ కొనుక్కుంది. గులాబీ రంగు డబ్బా, లోపల లెహంగా తొడిగిన బొమ్మ. నడుం పిడికిట్లో ఇమిడేంత. ఒళ్లు పాలరంగు. నుదుట చిన్న ఎర్రబొట్టు. బహదూర్‌పురా వచ్చేదాకా ఆటోలో డబ్బా విప్పలేదు. ఇంటికొచ్చాక విప్పి, బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, "ఖాలా, ఇనో హమారే మే కీ హై క్యా?" అని అడిగింది. ఇది మనవాళ్లలోదేనా అని.

ఇరవై ఏళ్లుగా పత్రికల్లో పనిచేస్తున్నాను. ఉర్దూ నుంచి తెలుగులోకీ, తెలుగు నుంచి ఉర్దూలోకీ రోజూ మాటలు మోసే ఉద్యోగం. ఆ పిల్ల అడిగిన చిన్న ప్రశ్నకి మాత్రం ఏ భాషలోనూ జవాబు దొరకలేదు. "బొమ్మకి మతం ఏంటమ్మా?" అని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ బొట్టు పెట్టింది నేను కాదు. బొమ్మ తయారుచేసినవాళ్లే దాని నుదుట ఏదో రాసి పంపారు. చదవడం వచ్చిన పిల్ల చదివింది.

ఈ సంగతి చెబితే సెక్యులర్ మిత్రుడొకరు నవ్వారు. "ఊళ్లో మీకు అద్దెకి ఇల్లివ్వడం లేదు, అనుమానం వస్తే చాలు కుర్రాళ్లని ఎత్తుకెళ్తున్నారు, నువ్వేమో బొమ్మల గురించి రాస్తానంటావు" అన్నారు. ఆయన మంచి మనిషే. కానీ ఇల్లు అద్దెకివ్వనివాడి మనసులో మా గురించి ఒక బొమ్మ ఉంది కదా? మమ్మల్ని చూడకముందే, మాతో మాట్లాడకముందే ఉంది కదా? ఖాదర్ మొహియుద్దీన్ 1991లో 'పుట్టుమచ్చ' రాసింది ఆ ముద్ర గురించే. తెలుగులో బొమ్మ అన్న మాటకి రెండు అర్థాలున్నాయి. ఆడుకునేదీ బొమ్మే, గీసిందీ బొమ్మే. ఉర్దూలో ఇవి వేర్వేరు, ఒకటి గుడియా, ఇంకోటి తస్వీర్. ఈ విషయంలో తెలుగే నిజం చెబుతోందని నాకనిపిస్తుంది. పిల్ల చేతికి ఇచ్చే గుడియా, లోకం ఆ పిల్లకి చూపించే తస్వీర్ కూడా.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, 1990 డిసెంబరులో, పాతబస్తీ అంతా కర్ఫ్యూ. మా ఇల్లు జూపార్కుకి దగ్గర. వీధులు చచ్చినట్టు పడి ఉంటే రాత్రిళ్లు జూలోంచి సింహం అరుపు ఇంట్లోకి వినబడేది. మామూలు రోజుల్లో బస్సుల మోతలో ఆ అరుపు తెలిసేదే కాదు. పాలు లేవు, బడి లేదు, అబ్బా పనికి పోలేదు. నేను ఏడుస్తుంటే అమ్మీ కుట్టుమిషను కింది చిందీల మూట విప్పింది. దర్జీ పనిలో మిగిలిన గుడ్డపేలికలు అవి. తెల్ల మల్‌మల్ ముక్కని చాయ్‌పత్తీ మరిగించిన నీళ్లలో ముంచి ఆరేసింది. దూది కూరి తలా ఒళ్లూ కుట్టింది. నల్లదారంతో జడ, సుర్మా పెట్టే సలాకతో కళ్లు. ఎవరిదో పెళ్లి జోడాలో మిగిలిన జర్దోజీ అంచు ముక్కతో ఖడా దుపట్టా. మెడలో నాలుగు నల్లపూసలు గుచ్చి కాలీ పోత్ కా లచ్ఛా.

ఆ కర్ఫ్యూలోనే పక్కింటి పిల్ల గుడ్డాకి మా గుడియానిచ్చి పెళ్లి చేశాం. మధ్యలో గోడ, గోడకి రంధ్రం. అటునుంచి బరాత్, ఇటునుంచి విదాయీ. పెద్దవాళ్లు గొంతు తగ్గించి ఢోలక్ పాటలు పాడారు. గుడ్డా గుడియాల పెళ్లి మా ఇళ్లలో ఎంత పాతదో చెప్పలేను. నానీ కూడా చేసిందట, నానీ వాళ్లమ్మ కూడా చేసిందట. ఆ గుడియా మనవాళ్లలోదేనా అని నేనెప్పుడూ అడగలేదు. ఆ ప్రశ్న పుట్టే చోటే లేదు అందులో.

ప్రశ్న బయట పుట్టింది. నేను తెలుగు చదువుకున్న బడిలో నా స్నేహితురాలి ఇంట్లో దసరాకి బొమ్మల కొలువు పెట్టేవారు. పేరంటానికి నన్నూ పిలిచారు. మెట్లమెట్లుగా అమర్చిన బొమ్మలు చూసి నాకు మతిపోయింది. దేవుళ్లు, పెళ్లి ఊరేగింపు, శెట్టిగారూ శెట్టమ్మా, తాటిచెట్టెక్కే గౌడు, అంబారీ ఏనుగు, పాములవాడు, పోలీసు. ఒక ఊరంతా ఉంది అక్కడ. చూసీ చూసీ నేనెవరి కోసమో వెతుకుతున్నానని నాకే ఆలస్యంగా తెలిసింది. ఆ ఊళ్లో మా ఇల్లు లేదు. వాళ్లమ్మగారు అందరు పిల్లలతో పాటు నాకూ ప్రేమగా బొట్టుపెట్టి శనగలిచ్చారు. ఇంటికొస్తే అమ్మీ ఏమీ అనలేదు. కొంగుతో నుదురు తుడిచి, శనగలు తినమంది. ఆవిడ పెట్టడంలోనూ, అమ్మీ తుడవడంలోనూ ద్వేషం లేదు. కానీ ఆ రెండు చేతుల మధ్య నా నుదురు ఉంది.

తర్వాత బడి గోడకి 'భిన్నత్వంలో ఏకత్వం' చార్టు వచ్చింది. మీరందరూ చూసే ఉంటారు. పంజాబీ, బెంగాలీ, తమిళ, ఆంధ్ర జంటలు. చివర్లో ముస్లిం జంట. టోపీ, గడ్డం, పక్కన నల్లబురఖా. మిగతా వాళ్లందరికీ ఒక ప్రాంతం ఉంది, ఒక నేల ఉంది. ముస్లింకి మాత్రం మతమే ఉంది. ఆంధ్ర జంటలో ఆడమనిషికి చీర, బొట్టు. అంటే తెలుగు మనిషి ముస్లిం కాడు, ముస్లిం తెలుగు మనిషి కాడు. కోస్తా, రాయలసీమ పల్లెల్లో చీరకట్టి, నల్లపూసలు వేసుకుని, తెలుగులో తప్ప ఇంకో భాషలో కలకూడా కనని దూదేకుల ఆడవాళ్లు ఏ జంటలోకి రావాలి? హైదరాబాదు పాతబస్తీలో ఖడా దుపట్టా కట్టుకుని దక్కనీ మాట్లాడే మా అమ్మీ ఎక్కడికి రావాలి? ఎంపోరియంలలో అమ్మే 'భారతదేశ వధూవరుల' బొమ్మల వెనకా ఇదే లెక్క. అద్దాల పెట్టె, కింద పేరు రాసిన చీటీ. మా వీధి చివర జూలోనూ ఇలాగే బోర్డులుంటాయి, జంతువు పేరూ, అది దొరికే దేశమూ.

ఇక బార్బీ సంగతి. అమెరికాలో రూత్ హాండ్లర్ అనే ఆవిడ 1956లో యూరప్ వెళ్లినప్పుడు లిల్లీ అనే జర్మన్ బొమ్మని చూసింది. లిల్లీ ఒక జర్మన్ పత్రికలో వచ్చే కార్టూన్ పాత్ర. మొదట పెద్దవాళ్లని, ముఖ్యంగా మగవాళ్లని దృష్టిలో పెట్టుకుని అమ్మిన బొమ్మ అది. దాన్నే పిల్లలకి పనికొచ్చేలా మార్చి మాటెల్ కంపెనీ 1959 మార్చి 9న న్యూయార్కు బొమ్మల ప్రదర్శనలో బార్బీగా విడుదల చేసింది. లోకమంతా 'అసలు' అమెరికన్ పిల్ల అనుకునే బొమ్మ కూడా ఇంకోచోటి నుంచి తెచ్చిందే. స్వచ్ఛత ఎవరికీ లేదు. కానీ కొందరి కలగలుపు ఫ్యాషనవుతుంది, కొందరి కలగలుపు 'ఎక్కడినుంచో వచ్చినవాళ్లు' అన్న మాటవుతుంది.

బొమ్మకీ రంగుకీ ఉన్న లంకె బార్బీ పుట్టకముందే బయటపడింది. కెన్నెత్ క్లార్క్, మామీ క్లార్క్ అనే నల్లజాతి మనస్తత్వ శాస్త్రవేత్తల జంట 1940ల్లో నల్లపిల్లల ముందు ఒళ్లు రంగు తప్ప అన్నివిధాలా ఒకేలా ఉన్న బొమ్మలు పెట్టి, ఏది మంచి బొమ్మ, ఏది చెడ్డది, నీలాంటిది ఏది అని అడిగారు. ఎక్కువమంది పిల్లలు తెల్లబొమ్మే మంచిదన్నారు. 'నీలాంటిది ఏది' అన్న ప్రశ్న దగ్గరికొచ్చేసరికి కొందరు పిల్లలు ఏడ్చేశారు. బడుల్లో జాతివివక్ష చెల్లదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఈ పరిశోధన ప్రస్తావన ఉంది. బొమ్మలు చిన్న విషయమన్న మా మిత్రుడికి నా జవాబు ఇది.

అమెరికాలో నల్లవాళ్ల పోరాటాలు పెరిగాక మాటెల్ 1967లో ఫ్రాన్సీ అనే తన బొమ్మకి నల్లరూపం తెచ్చింది. తెల్ల ఫ్రాన్సీ అచ్చులోనే ముదురురంగు ప్లాస్టిక్ పోసి తీశారు. ముక్కు అదే, పెదాలు అవే. జనం కొనలేదు. మరుసటేడు క్రిస్టీ వచ్చింది, బార్బీ స్నేహితురాలిగా. నల్లబొమ్మకి బార్బీ అన్న పేరే పెట్టడానికి 1980 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ బొమ్మని రూపొందించింది కిటీ బ్లాక్ పెర్కిన్స్ అనే నల్లజాతి డిజైనర్. బొమ్మ మారాలంటే ముందు బల్ల దగ్గర కూర్చుని గీసే చెయ్యి మారాలని ఈ చరిత్ర చెబుతోంది.

మన దేశం బొమ్మకీ ఇదే జరిగింది. ప్రపంచ దేశాల బార్బీల వరస 1980లో మొదలైంది. కొద్దికాలానికే అందులో ఇండియా చేరింది, చీరకట్టుతో. తర్వాత మన దగ్గరే అమ్మిన చీర బార్బీలొచ్చాయి. ఒళ్లు అదే, నడుం అదే, కాలిమడమలు లేచి ఉండడం అదే. పైన చీర చుట్టి, నుదుట బొట్టుపెట్టి, ఇదే భారతదేశం అన్నారు. 2012లో వచ్చిన ఇండియా బార్బీకి తోడుగా ఒక పాస్‌పోర్టూ, ఒక కోతీ ఇచ్చారు. కోతిని చూసి మనవాళ్లు కోపం తెచ్చుకుంటారు, తెచ్చుకోవాలి కూడా. కానీ నా కోపం ఇంకో మెట్టు దిగువ నుంచి మొదలవుతుంది. అమెరికా కంపెనీ భారతదేశాన్ని చిలకరంగు చీరగా కుదించిందని మీరు బాధపడుతున్నారు. ఆ కుదించిన భారతదేశంలో కూడా చోటు దొరకనివాళ్ల సంగతేమిటి? బొట్టుంటేనే ఇండియా అన్న మాట కాలిఫోర్నియాలో కూర్చున్న డిజైనర్ కనిపెట్టాడా? మన సినిమాలూ, మన పాఠ్యపుస్తకాలూ, మన గోడమీది చార్టులూ ఆ మాట ముందే చెప్పాయి. వాడు నకలు రాశాడంతే.

మార్పు రాలేదని అనను. 2016లో మాటెల్ బార్బీకి మూడు కొత్త ఒళ్లూ, ఏడు ఒంటిరంగులూ తెచ్చింది. 2022లో దీపికా ముత్యాల అనే ప్రవాస భారతీయ వ్యాపారవేత్తతో కలిసి చామనఛాయ రంగు, దట్టమైన కనుబొమలు ఉన్న బొమ్మని తయారుచేసింది. ఆ ఇంటిపేరు వినగానే మన తెలుగువాళ్ల చెవులు నిక్కబొడుచుకున్నాయి. 2024లో డిజైనర్ అనితా డోంగ్రే దుస్తులతో దీపావళి బార్బీ వచ్చింది. ఆ రంగుకి నేను సంతోషించాను, ఆ పండగ బొమ్మకి కూడా నాకేం అభ్యంతరం లేదు. దీపావళి నాడు మా వీధి పిల్లలూ టపాకాయలు కాలుస్తారు. కానీ 'ఇండియా' అన్న తలుపు తెరిచినప్పుడల్లా ఒకే ఇంట్లోకి దారి తీస్తే, పక్కింటివాళ్లం మేం ఏమనుకోవాలి?

'మరి మీకూ హిజాబ్ బార్బీ వచ్చింది కదా' అంటారు. వచ్చింది. ఇబ్తిహాజ్ మొహమ్మద్ అమెరికా తరఫున కత్తిసాము ఆడిన నల్లజాతి ముస్లిం క్రీడాకారిణి. 2016 రియో ఒలింపిక్స్‌లో హిజాబుతో పోటీపడి జట్టు విభాగంలో కాంస్యం గెలిచింది. 2017 నవంబరులో ఆమె పోలికలతో బార్బీ ప్రకటించారు. బొమ్మ కాళ్లు తన కాళ్లలాగే ఆటగత్తె కాళ్లుగా బలంగా ఉండాలని ఆమె పట్టుబట్టింది. నాకు ఆ బొమ్మ మీద గౌరవం. అది ఒక మనిషి బొమ్మ, పేరూ చెమటా పతకమూ ఉన్న మనిషి. అంతకుముందే నైజీరియాలో హనీఫా ఆదమ్ అనే యువతి తన బార్బీకి తనే హిజాబులు కుట్టి, 'హిజార్బీ' అని పేరుపెట్టి ఫోటోలు పెట్టింది. చిందీలు విప్పిన మా అమ్మీ లాంటి పనే అది.

అయితే హిజాబ్ బొమ్మ అంగట్లో కెక్కిన నాలుగేళ్లకే, 2022 మొదట్లో, కర్ణాటకలో తలగుడ్డ తీస్తేనే క్లాసులోకి రానిస్తామని ఆడపిల్లల్ని కాలేజీ గేటు బయట నిలబెట్టారు. మార్చిలో హైకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. అక్టోబరులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ చెరో తీర్పు చెప్పారు. డబ్బాలో ఉన్న హిజాబు సాహసం, గేటు దగ్గర ఉన్న హిజాబు నేరం. బొమ్మ డబ్బాలో ఉన్నంతసేపు లోకానికి వైవిధ్యం ముద్దొస్తుంది.

మా లోపలికి కూడా చూసుకోవాలి. లేకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది.

2003లో సౌదీ మతపోలీసులు బార్బీని నీతికి ముప్పని ప్రకటించారు. అదే ఏడాది చివర్లో అరబ్బు మార్కెట్లోకి ఫుల్లా అనే బొమ్మ వచ్చింది. ఫుల్లా అంటే ఒక రకం మల్లె, మన బొండుమల్లె లాంటిది. నల్లటి అబాయా, తలగుడ్డ, డబ్బాలో చిన్న జానమాజ్. జెడ్డా, దుబాయ్ నుంచి సెలవుకొచ్చిన మామూల సూట్‌కేసుల్లో అది మా పాతబస్తీకీ వచ్చింది. నేను ఒకింట్లో చూశాను. అబాయా తీసి చూస్తే లోపల బార్బీ కొలతకి దగ్గరి ఒళ్లే. తెల్లటి ఒళ్లు, చక్కెర పలుకుల్లాంటి ముఖం. ఎద కొంచెం తగ్గించారు, కళ్లు నల్లవి చేశారు. అంతకు ఏడాది ముందే ఇరాన్ ప్రభుత్వ సంస్థ ఒకటి సారా, దారా అనే కవలల బొమ్మలు తెచ్చింది. బార్బీకి కెన్ ఉన్నట్టు ఇక్కడ మగస్నేహితుడు ఉండకూడదు కాబట్టి తోబుట్టువుని చేశారు. పడమటివాడు ఆడపిల్ల ఒంటిని అమ్మకానికి పెడితే, మనవాళ్లు ఆ ఒంటి మీదే సిగ్గుని కప్పి అమ్మారు. పిల్లని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

బొమ్మలే హరామ్ అనే మతపెద్దలు మా వీధిలోనూ ఉన్నారు. వాళ్లకో సంగతి గుర్తుచేస్తాను. హజ్రత్ ఆయిషా చిన్నతనంలో బొమ్మలతో ఆడుకునేవారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లోనే ఉంది. అబూ దావూద్ గ్రంథంలో ఇంకో ముచ్చట ఉంది. ఆమె బొమ్మల్లో గుడ్డ రెక్కలు కట్టిన గుర్రం ఉంటే, గుర్రానికి రెక్కలేమిటని ప్రవక్త అడిగారట. సులేమాన్ గుర్రాలకి రెక్కలుండేవని వినలేదా అని ఆమె ఎదురు ప్రశ్న వేస్తే ఆయన పళ్లు కనబడేలా నవ్వారట. ఒక పసిపిల్ల తన మనసుకి తోచినట్టు బొమ్మ చేసుకుంటే నవ్వగలిగిన సంప్రదాయం మాది. ఆ నవ్వు ఇవాళ మా మతపెద్దల ముఖాల్లో ఎందుకు కనబడదు?

ఇంతకన్నా పెద్ద ముల్లు రంగు. హైదరాబాదు మాసాబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అనే బస్తీ ఉంది. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాం అశ్వికదళంలో పనిచేసిన ఆఫ్రికా సంతతి సిద్దీలు స్థిరపడ్డ చోటది. ఇబ్తిహాజ్ బొమ్మ ముఖం మన నగరంలో ఎవరి పోలికంటే ఆ బస్తీ ఆడపిల్లల పోలిక. మా పెళ్లిళ్లలో మర్ఫా మోగాలంటే సిద్దీలు కావాలి, అరబ్బులు కావాలి. పెళ్లికూతురు మాత్రం సిద్దీ పిల్ల కాకూడదు. 'ఒకటే సఫ్‌లో నిలబడతాం, మాలో తేడాల్లేవు' అని వేదికల మీద చెప్పుకుంటాం. సయ్యద్, షేక్, పఠాన్ అనే లెక్కలు, దూదేకుల వాళ్లని చిన్నచూపు చూడడాలు, పెళ్లిసంబంధం అనగానే 'లడ్కీ గోరీ హై నా?' అన్న మొదటి ప్రశ్న, ఇవన్నీ ఎవరివి? 1975 నుంచీ మన దేశంలో అమ్ముడైన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరులో 'ఫెయిర్' తీసేసింది. మా ఇళ్లలో ఆ మాట ఇంకా తీసెయ్యలేదు. మాటెల్‌ని నిలదీసే ముందు చెప్పండి, ఇబ్తిహాజ్ బొమ్మనీ, తెల్లటి ఫుల్లానీ పక్కపక్కన పెడితే మనలో ఎంతమందిమి కూతురికి ఇబ్తిహాజ్‌ని కొనిస్తాం?

ఇక మన తెలుగు బొమ్మల సంగతి. కొండపల్లిలో తెల్లపొణికి, ఏటికొప్పాకలో అంకుడు కర్ర, నిర్మల్‌లో మళ్లీ పొణికి. నిర్మల్ బొమ్మలు చేసేవాళ్లనీ, చేర్యాల పటాలు గీసేవాళ్లనీ నకాషీలంటారు. నక్కాష్ అన్న మాట ఫార్సీ నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి నడిచొచ్చింది. ఏటికొప్పాక బొమ్మకి మెరుపిచ్చే లక్కా, మా లాడ్‌బజార్ గాజుకి మెరుపిచ్చే లాఖ్ ఒకటే. ఆ గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అంటే తెలుగు బొమ్మల పనిలో మా మాట ఉంది, మా పని ఉంది. నేను చూసిన బొమ్మల వరసల్లో మా ముఖమే లేదు. పాతబస్తీ ఇళ్లలో కళ్లు పోయేదాకా రాళ్లు అద్దే, జర్దోజీ కుట్టే ఆడవాళ్లున్నారు. పెద్ద డిజైనర్ల పెళ్లి దుస్తుల మీద మెరిసేది అలాంటి చేతుల పనే. ఆ దుస్తుల నమూనాని చిన్నది చేసి బొమ్మకి తొడుగుతారు. తొడిగించుకున్న ముఖం మాత్రం వాళ్లది కాదు.

కాబట్టి కొలువులో ఒక మూల మాకూ ఒక సాయిబు బొమ్మ పెట్టమని నేను అడగడం లేదు. అలా పెట్టిన బొమ్మకి మళ్లీ టోపీ, గడ్డం, చీటీ తప్పవు. బొట్టు బొమ్మ పక్కన బురఖా బొమ్మ పెట్టేసి లెక్క సరిపోయిందనుకోవద్దనే నా గొడవ. బురఖా వేసుకునే ఆడవాళ్లు మాలో ఉన్నారు, వేసుకోనివాళ్లూ ఉన్నారు. చీరలున్నాయి, సల్వార్లున్నాయి, పోలీసు యూనిఫారమూ, నర్సు కోటూ ఉన్నాయి. నల్లవాళ్లం, చామనఛాయవాళ్లం ఉన్నాం. తెలుగు తప్ప రానివాళ్లం, ఉర్దూ తప్ప రానివాళ్లం, రెంటిలోనూ తిట్టగలిగినవాళ్లం ఉన్నాం. ఏ ఒక్క అచ్చులోంచీ ఇంతమందిమి రాం. అచ్చుల్ని ఉంచుకుని బట్టలు మార్చడం కంపెనీల పద్ధతి. ముఖాల్ని వదిలేసి చిహ్నాల్ని పట్టుకోవడం మన దేశభక్తుల పద్ధతి, మన మతపెద్దల పద్ధతి. కొన్నిసార్లు, నన్ను క్షమించండి, మన సెక్యులర్ మిత్రుల పద్ధతి కూడా. వాళ్ల కవర్‌పేజీల మీద ముస్లిం అంటే ఇవాళ్టికీ మీనారూ నెలవంకే.

ఆ రోజు మా చెల్లెలి కూతురి ప్రశ్నకి నేను జవాబు చెప్పలేదని రాశాను. అమ్మీ చెప్పింది, తన పద్ధతిలో. అమ్మీకిప్పుడు చూపు సరిగా ఆనదు. సూదిలో దారం ఆ పిల్లే ఎక్కించింది. తెల్లగుడ్డని చాయ్‌పత్తీ నీళ్లలో ముంచుతుంటే నేను, "అమ్మీ, కర్ఫ్యూలో కూడా ఇలాగే ముంచావు, బొమ్మ మన రంగులో ఉండాలనే కదా?" అని అడిగాను. ఏదో గొప్ప మాట చెబుతుందని నా ఆశ. "నై మా, సఫేద్ కప్డా జల్దీ మైలా హోతా" అంది. తెల్లగుడ్డ తొందరగా మాసిపోతుందట, అంతే.

పిల్ల మాత్రం తడిగుడ్డని తన చేతి పక్కన పెట్టుకుని చూసింది. "నానీ, ఇంకొంచెం ముంచు, నా రంగు రాలేదు" అంది. అమ్మీ మళ్లీ ముంచింది.